రెండున్నర

క్లాక్స్‌విక్‌లో గురువారం. కిటికీ అద్దానికి ఉప్పు పట్టింది.
త్రోందుర్ మోకాలికి పట్టీ బిగించాను.
తన్ను, ఇంకా, ఇంకా అని అరవడమే నా ఉద్యోగం.
పోయిన నెల రెండువందల ముప్పై ఒకటి.
ఇవాళ రెండువందల పంతొమ్మిది.
మధ్యలో వచ్చిన జ్వరం
దాదాపు ఐదు కిలోలు పట్టుకుపోయింది.

బరువుతో భాగిస్తే
అప్పుడూ రెండున్నర, ఇప్పుడూ రెండున్నర.
చెక్కుచెదరని కొలత, అంటుంది కాగితం.
పోయిన పన్నెండూ ఎటు పోయాయో
గీత కింద హారానికి తెలుసు,
చెప్పదు.

తర్వాత బ్యార్టా వచ్చింది, చేపలు కోసిన చేతులు తుడుచుకుంటూ.
యాభై ఒక్క కిలోల మనిషి.
ఆమెకీ రెండున్నరే.

భాగించకముందు
చీకట్లో అంకె తడిమినా ఎవరిదో చెప్పగలిగేదాన్ని.
ఇప్పుడు అందరూ ఒకే మెట్టు మీద
భుజాలు ఒరుసుకుని నిలబడ్డారు.
వాళ్ల మధ్య సందు కన్నా
నా పట్టీ జారిన వెంట్రుకవాసే పెద్దది.

న్యాయం కోసమే కదా భాగించాను,
పెద్ద ఒంటి పక్కన చిన్న ఒళ్ళు చిన్నబోకూడదని.

బూట్లు తొడుక్కుంటూ త్రోందుర్ అడిగాడు:
"ఆదివారం పడవెక్కొచ్చా?"

తెడ్డుకి భాగహారం రాదు.

రెండు గడుల్లోనూ రాశాను,
పచ్చి అంకె, వండిన అంకె.
రెండోది పెన్సిల్‌తో.