మధ్య బైటు

పర్లాకిమిడి ఆసుపత్రి టోకెన్ యంత్రంలో
పేరుకి ఇరవై బైట్లే చోటు.
రాసినవాడెవడో
ఇంగ్లీషు పేర్లకే జబ్బు చేస్తుందనుకున్నాడు.

ఆవేళ చీటీ మీద "జ్యోత్" అని పడి
పక్కన ఒక ఖాళీ డబ్బా.
కాంపౌండర్ పాణిగ్రాహి కళ్ళజోడు ఎత్తి చూసి
"జ్యోత్... జ్యోత్ ఎవరమ్మా?" అన్నాడు.
బెంచీ మీంచి ఎవరూ లేవలేదు.
జ్యోత్స్న అక్కడే ఉంది,
పసిగుడ్డు నుదుటి మీద తడిబట్ట మారుస్తూ.
పన్నెండు దాటింది.

నాలుక మీద రెండే అక్షరాలు: జ్యో, త్స్న.
లోపల విప్పి చూస్తే తొమ్మిది ముక్కలు,
ముక్కకి మూడు చొప్పున ఇరవై ఏడు బైట్లు.
ఇరవై దగ్గర కత్తెర పడితే
'స'లో రెండొంతులు లోపల, ఒక వంతు బయట,
బస్సు తలుపులో నలిగిన కొంగులా.

చిన్నగేజి రోజుల్లో దండాసి పెదనాన్న
గుణుపురం బండికి గార్డు.
ఆ పెట్టెల్లో మోకాలికి మోకాలు తగిలేదట,
ఎవరి కాలెక్కడో ఎవరి మూటెక్కడో
దిగేదాకా తెలిసేది కాదట.
తర్వాత పట్టాలు పీకి బ్రాడ్‌గేజి వేశారు.
నేను చేసేదీ అదే పని,
ఇరుకు బైట్ల బండిలోంచి దింపి
ముక్కకొక వెడల్పాటి సీటు, నాలుగు బైట్లది.
మేకపిల్లంత ఇంగ్లీషు 'ఎ' ఎక్కినా నాలుగే.
దండగే, కాదనను.
కానీ తలలు లెక్కపెట్టొచ్చు.

ముందు ఊరికే కొలవమన్నాను,
గుడ్డ కొనకముందు టేపు పట్టే దర్జీలా.
ఎన్ని సీట్లు కావాలంటే మైనస్ ఒకటి అంది.
గుర్తు లేని డబ్బాలో పోసి చూస్తే
అదే కోట్ల కోట్ల కోట్లు.
ఒక్క ఆడమనిషి పేరుకి!

అరగంట తల గోక్కున్నాక తట్టింది:
తను ఏ ఊళ్ళో ఉందో దానికి నేను చెప్పనేలేదు.
చెప్పకపోతే అది 'సి' అనే ఊళ్ళో ఉన్నాననుకుంటుంది.
నూట ఇరవై ఎనిమిది గడపల ఊరు,
ఒత్తు ఎరగదు, గుణింతం ఎరగదు.
మెయిన్ మొదట్లో ఒక్క వరస చేర్చాను, సెట్‌లోకేల్ అని.
ఇది పర్లాకిమిడి, చెక్‌పోస్టు దాటితే పాతపట్నం,
ఇక్కడ మనుషుల పేర్లు ఇలాగే ఉంటాయి అని.

ఈసారి తొమ్మిది అంది.
పది సీట్లు వేశాను, చివరిది సున్నాకి.
అది కూర్చుంటేనే బండి ఆగుతుంది.

జ్యోత్స్న.
ఒత్తు కింద ఒత్తుతో నిండుగా పడింది.
పరుగున తీసుకెళ్ళి చేతిలో పెట్టాను.
అటు తిప్పింది, ఇటు తిప్పింది.
"ఇదేటి బాబూ, ఏ బాస?"
"తెలుగే. నీ పేరే."
"మాటాడతాను గానీ సదవలేను.
ఒడియా బడికి కదా నన్నంపారు."

ఒడియా జ, తెలుగు జ:
మొదటి బైటు ఒకటే, 224.
చివరిదీ ఒకటే, 156.
మధ్యది అక్కడ 172, ఇక్కడ 176.
నాలుగంటే నాలుగే తేడా.
సరిహద్దు రాయి అక్కడ పాతారన్నమాట.

అందరూ వెడల్పు సీట్లలో ఉన్నారు గనక
ఒక్కొక్కరి దగ్గరా రెండువందల యాభై ఆరు తీసేశాను.
జ అవతల జ అయింది. త, త అయింది.
య దగ్గర తప్పింది.
అక్కడ దీనికి వేరే య ఉందిట,
పాణిగ్రాహి నవ్వి పెన్నుతో దిద్దాడు,
పనిలో పనిగా చివర ఒక దీర్ఘం కూడా పెట్టాడు.

జ్యోత్స్నా.
వేలు పెట్టి కూడబలుక్కుని చదివి లేచింది.

"జ్వరం నీకా, బిడ్డకా?"
"బిడ్డకి."
"మరి చీటీ బిడ్డ పేరు మీద కదా ఉండాలి. పేరేంటి?"
"ఇంకా ఎట్టలేదు."

యంత్రం దగ్గరికి తిరిగొచ్చాను.
పేరు పొడవు: సున్నా.
అయినా ఒక సీటు వేశాను,
ఆ సున్నా అయినా కూర్చోవాలి కదా.