బువ్వ గాదు, తొక్కు

ప్రకాశం బజార్ల ఎరువుల దుకాణం సైదులు
యూరియా బస్తాల ఎనుకకెల్లి సీసా తీసి
లుంగీ కొంగుతోని దుమ్ము తుడిచి ఇచ్చిండు.
"సముద్రపు నాచు రసం మేడం.
బత్తాయి తోటలోళ్ళు కొంటరు,
కుండీలకని అడిగింది మీరే.
బువ్వ అనుకునేరు, ఇది తొక్కు.
నాలికకు తగిలితే సాలు."

నాది నీళ్ళు పరీక్ష చేసే నౌకరి.
పొద్దంత ఊర్ల పేర్లు రాసిన సీసాలు,
మర్రిగూడ, చండూరు, నాంపల్లి.
ఏ బోరుల ఎంత ఫ్లోరైడో
చుక్క తర్వాత రెండంకెల దాక చెప్త.
నీళ్ళల్ల ఉండగూడనిదాన్ని కొలిచి కొలిచి
పొద్దుగూకినంక ఇంటికొచ్చి
ఉంటే మంచిదొకటి కలుపుదామని కూసుంట.

కిటికీ కాడ నా సంసారం:
జాడీల మనీప్లాంటు,
పాత పెయింటు డబ్బాల కత్తుల లెక్క నిలబడ్డ స్నేక్ ప్లాంటు,
చెవులిరిగిన చాయ్ కప్పులల్ల సక్యులెంట్లు.
డబ్బా అంచుకు బోరునీళ్ళు గీసిన తెల్లగీత,
నాతోని సదువుకున్నోళ్ళ పండ్ల మీద ఉన్నట్టే.
అందుకే ఇప్పుడు వాననీళ్ళే పడుత.

మూత తియ్యంగనే వాసన.
ఆదివారం అంగడిల ఎండుచేపల తట్ట ముంగట
నిలబడ్డట్టు.
మెట్ల మీద కర్ర సప్పుడు.
ఇల్లుగలామె ఈదమ్మ,
మెట్టుకొక్క దేవుణ్ణి తిట్టుకుంట ఎక్కొచ్చింది.
"పరకలు వండుతున్నవా బిడ్డా,
నాకింత పెట్టకనే?"

సీసా చూపిచ్చిన.
మొకం చిన్నబోయింది.
నా చాయ్ కప్పులను ఒక్కొక్కటే చూసింది.
"మా చెలక గట్టు మీద జెముడును
గొడ్డలి పెట్టి నరికేటోళ్ళం.
దీని తమ్ముళ్ళను నువ్వు పైసలు పెట్టి కొన్నవా?
సముద్రమంటె ఉప్పు గదా,
చెట్టు సావదా?"

కడుగుతరు, అన్న.
లీటరుకు రెండు మిల్లీలే, అన్న.
ఆకుచెట్లకు పదిహేను దినాలకొకసారి.
ఈ దొడ్డాకులోళ్ళకు అండ్ల సగం,
అది గూడ నెలకొక్కసారి, మన్ను ఎండినంక.
సలికాలం నిద్రపోతయి.
నిద్రపోయెటోన్ని లేపి తినిపియ్యొద్దు.

ఇదంత నాకు ముందుగాల్ల తెల్వదు.
మొదటిసారి మూత నిండ పోసిన.
దినమంత కొలిచిన చేతికి
ఇంట్ల గూడ కొలువబుద్ధి గాలే.
వారానికి, గులాబి లెక్క ముడుచుకొనుండే మొక్క
ఆకులు గాజు తీరుగయినయి.
ముట్టుకుంటే వేలు లోపటికి దిగింది.
ఆ కప్పు ఇంకా కడగలే.

ఈదమ్మ వినుకుంటలేదు.
మనీప్లాంటును చూస్తున్నది.
పోయిన నెల దాక
జారిన పైసలు ఏరుకుంటున్నట్టు వంగిన తీగె
ఇయ్యాల కిటికీ ఊచ పట్టుకొని నిలబడ్డది.

మగ్గుల కలిపిన నీళ్ళు,
పలుసటి చాయ్ రంగు.
చిటికెన వేలు ముంచింది.
చీర జరిపి మోకాలుకు రాసుకున్నది,
ఎంకలి తిప్పి ఇంకో మోకాలుకు.
తడి ఆరిందాక చెయ్యి తియ్యలే.

ఆమె ఊరి బావి అంకె నాకెరుక.
నా చేతిరాతతోనే ఉన్నది రిజిస్టర్ల.
ఆ బావినీళ్ళు యాభై ఏండ్లు తాగిన మోకాళ్ళవి.
వాటికి మందు నా అల్మారల లేదని
చెప్పాలె.
చెప్పాలెననే నోరు తెరిచిన.

"లీటరుకు ఎంతంటివి?"

"రెండు మిల్లీలు."

తలూపి, కర్ర అందుకొని దిగిపోయింది.
మిగిలిన నీళ్ళు జెముడు తమ్ముళ్ళకు పోస్తుంటే
చెయ్యి వణికి ఒక కప్పుకు ఎక్కువైంది.
వంచి పారబోసిన.

తెల్లారి పొద్దుగూకినంక
నేనింక మూత గూడ తియ్యలే,
మెట్ల మీద కర్ర.
సగం మెట్ల కాడ ఆగింది.
జరసేపు ఏ సప్పుడు లేదు.
మల్ల మొదలైంది.