లంగరు వెయ్యని పూట

ఇసకపల్లి లైట్‌హౌసు
తాటితోపు వెనక సగం దాక్కోగానే
జాలయ్య మామ ఇంజను ఆపేస్తాడు.
"దూకబ్బయా. ఇదే పారు."

నలభై ఏళ్ళ పరిచయం ఆయనకు దీనితో.
సీసపు గుండు అడుగున బట్టల సబ్బు మెత్తి
తాడు వదిలి, లాగి, బొటనవేలితో తడిమి
కింద ఏముందో చెబుతాడు.
ఇది బురద. ఇది గుల్ల ఇసక.
సబ్బు నొక్కుకుపోయి ఉత్తదే వచ్చిందా, రాయి.
గోరంత ఎర్ర పలుకు అంటుకొచ్చిన రోజు
గేలానికి కలవ పడి తీరుతుంది.
పగడమనే మాట కంసాలి కొట్లో తప్ప
ఇంకెక్కడా ఆయన వాడలేదు.

వీపున గాలిసీసాతో
నేను వెనక్కి ఒరుగుతాను.

మాఘం నీళ్ళు.
పెన్న తెచ్చిన ఎరుపంతా అడుక్కి దిగి
ఏడాదికి ఓ ఇరవై రోజులు ఇట్లా తేటపడతాయి.
ఎనిమిది బారలు దిగేసరికి
వాలు నన్ను చంకనేసుకుంది.

ఇక్కడ ఈదకూడదు.
ఈదితే ముందు ఊపిరి ఓడిపోతుంది, తర్వాత నువ్వు.
కావలి ప్యాసింజరులో
కిటికీ పక్క సీటు దొరికినవాడిలా
చేతులు కట్టుకుని ఉండాలి, అంతే.
రాళ్ళే వస్తాయి. రాళ్ళే పోతాయి.

వాలుకు అడ్డంగా ఊదారంగు విసనకర్రలు
పోయేవాణ్ణి చూసి ఒక్కటీ కదల్లేదు.
ఎక్కడో చిలకచేప రాయి కొరుకుతోంది
పటికబెల్లం కొరికినంత చప్పుడుతో.
చేపలన్నీ నీటికి ఎదురు తలలు పెట్టి
తోకలు ఆడిస్తూ ఆడిస్తూ ఉన్నచోటే ఉన్నాయి.
ఒక చోట ఉండటానికి ఎంత పని!
నేను ఏ పనీ చెయ్యకుండా
వాటి ఊరు దాటిపోతున్నాను.

అప్పుడు కనిపించింది వల.
రాతిని మెడదాకా చుట్టుకుని
బెండ్ల వరస ఒకటి పైకి తేలి ఊగుతోంది.
బెండ్లు కావవి. హవాయి చెప్పులు కోసిన ముక్కలు.
వలలో ఒక ముల్లు, ఇంకో ముల్లు,
ఇంకా మొప్ప ఆడుతున్న కలవ ఒకటి.
చెయ్యి చాపాను.
నా చెయ్యి చాపడం పూర్తయ్యేలోగా
అవన్నీ నా వెనక ఉన్నాయి.

ఒక్కసారి తిరిగి కాళ్ళు కొట్టాను.
నీళ్ళు కోప్పడలేదు. వినిపించుకోనూ లేదు.

తేలేసరికి తాటితోపు లేదు.
గట్టున రొయ్యల గుంటల మోటార్లు.
మైలు పైనే వచ్చాం ఉత్తరానికి.
నలభై నిమిషాలు నా బుడగల వెంటే
పడవ నడిపిన మామ కళ్ళు మిరపపళ్ళు.
"యాడికి పోయినావో తెలుసునా?"
"నేనేడికీ పోలా మామా, నీళ్ళు పోయినాయి."
నవ్వలేదు.

"నీ వల చూసినా."
"యాది?"
"చెప్పుల బెండ్లది."
తాడు చుడుతున్న చెయ్యి ఆగింది.
"నీలం చెప్పులేనా?"
"నీలమే."
"మీ అత్తవి. అడక్కుండా కోసినానని
మూడ్రోజులు కూడు పెట్టలా."

కాసేపు మోటార్లే మాట్లాడాయి.
"దాంట్లో యేమన్నా ఉండాయా?"
చెప్పాను. మొప్ప సంగతి కూడా.

సముద్రంలోకి ఉమ్మబోయి మానుకున్నాడు.
కొబ్బరిపీచు ముక్క నీళ్ళలో పడేసి
అది పడవ పొడుగు దాటేదాకా
వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టాడు.
రొయ్యల కత్తి నా మణికట్టుకి కట్టి
ముడి రెండుసార్లు లాగి చూశాడు.
"ఇంకో సీసా ఉండాది గదా.
ఈసారి తోపు వెనక లైట్‌హౌసు
మొత్తం దాక్కున్నాకనే దూకు.
నువ్వేం ఎతకబాక.
నీళ్ళే తీసకపోతాయి దాని కాడికి."

ఇంజను మళ్ళీ దగ్గి అందుకుంది.
దక్షిణానికి పోయి, ఆపి, నీళ్ళకు వదిలేశాం.

తెల్లటి అంచు
ఇంకా వేలెడంత కనిపిస్తోంది.
ఇద్దరం అటే చూస్తున్నాం.