వరదగుడి

మొదట తుమ్ములే అనుకున్నా.
జిన్నింగు మిల్లులో తుమ్మనిదెవరు?
మా నాయన తుమ్మినాడు, వాళ్ల నాయనా తుమ్మినాడు,
దూదేకుల ఇంట్లో పుట్టినోనికి
ఊపిరంటే సగం గాలి, సగం నూగు.

మిల్లు మూసి ఆరేండ్లు.
గేటుకు నేనున్నా, ఎలుకలకు పింజ ఉంది.
జీతం నాకొక్కనికే.

ఆదోని ఎండకు రేకులు పటపటమంటాంటే
దూలాల మీద పావురాలు,
వందా, రెండొందలా, ఎవురు లెక్కపెట్టినారు.
మౌలాబీ బతికుండంగ శుక్రవారం శుక్రవారం
సేరు జొన్నలు చల్లేది.
ఆ చేతి పని నా చేతికొచ్చింది, అంతే.

పింజ ముక్కు మీద గడ్డ
రేగ్గాయంత, ఆ తర్వాత నిమ్మకాయంత.
పిల్లి మొగం పోయి గుర్రం మొగం వచ్చింది.
పసుపు పూసినా. వేపాకు నూరి పట్టించినా.
అది నాకి, కక్కి,
బేళ్లు తూచే కాటా కింద దూరి
మూడు దినాలు బయటికి రాలేదు.

గోనెసంచిలో వేసుకొని పశువుల ఆస్పత్రికి పోతే
ఎద్దులోళ్లు, గొర్రెలోళ్లు నవ్వినారు,
పిల్లికి చీటీ రాపించుకుంటాండాడని.
ఉరుకుందమ్మ డాక్టరు నవ్వలేదు.
ముక్కులోంచి పుల్లతో ఇంత జిగురు తీసి
గాజుపలక మీద పూసి
ఒక్క చుక్క నల్లసిరా వేసింది.
"నువ్వే చూడు పెద్దాయనా" అంది.

ఒంటికన్ను మూసి వంగినా.

అమావాస్య ఆకాశం.
దాంట్లో చందమామలు, ఇరవయ్యో ముప్పయ్యో,
ఒక్కోదాని చుట్టూ తెల్లగా గుడి కట్టి.

ఈ సీమలో పుట్టినోనికి ఆ గుర్తు ఒకరు నేర్పాల్నా?
దూరం గుడి దగ్గర వాన,
దగ్గర గుడి దూరం వాన.
మిద్దె మీద పండుకొని మా నాయన
వేళ్లతో కొలిచేవాడు.
"వానొస్తాది తల్లీ" అనబోయి
నోరు మూసుకున్నా.

"బూజు" అంది ఆమె.
"పావురాల రెట్టలో పెరుగుతుంది.
ఎండి, పొడై, గాలిలో లేస్తుంది.
ముక్కులో దిగితే ఎముకను తింటుంది.
అక్కడి నుంచి కళ్లకు, మెదడుకు."
నాకంటుకుంటాదా అని అడిగినా.
"పిల్లి నుంచి రాదు. వస్తే
దానికెక్కడి నుంచి వచ్చిందో నీకూ అక్కడి నుంచే."

అక్కడి నుంచి, అంటే
శుక్రవారం నుంచి.
నా పిడికిలి నుంచి.
ఆ మాట ఆమె అనలేదు.

నెలలకు నెలలు, దినానికొక గొట్టం మాత్ర.
బీడీలు మానేసినా, అది మాత్రల్లోకి పోయింది.
విప్పి, పొడిని కార్జం ముక్కలో దాచి,
దవడ పట్టుకొని మింగేదాకా కూచుంటే
దాని గుండె నా బొటనవేలికి తగిలేది,
యాడనో దూదేకే విల్లు నారి మోగినట్టు.
నాకు ఏకడం రాదు. విల్లు తాతతోనే పోయింది.
ఆ మోత మాత్రం ఎరుకే.

మూతికి తడిగుడ్డ కట్టి, నీళ్లు చల్లి, నానబెట్టి,
దూలాల కింద రెట్ట ఎత్తినా.
పదకొండు బస్తాలు.
ఆ శుక్రవారం జొన్నలు చల్లలేదు.
పావురాలు గేటు మీద వరసగా కూచొని చూసినాయి.
మళ్లీ శుక్రవారమూ చూసినాయి.
మౌలాబీ ఫోటో నేనే పక్కకు తిప్పినా.

ఐదో నెల ఇది. గడ్డ కరిగింది.
కరిగిన కాడ ముక్కు లొత్త పోయింది.
ఎడమకన్ను పొగ నిండిన గోలీ.
నయమైందా అంటే
డాక్టరు "మాత్ర ఆపొద్దు" అంటుంది, అదే జవాబు.

రాత్రి చంద్రునికి గుడి కట్టింది.
దూరమా దగ్గరా అని నేను వేళ్లు చాపితే
పక్కన పింజ తుమ్మింది.
ఒక్కసారే.

ఒంటి తుమ్ము మంచిది కాదంటారు.
రెండోది రావాలంటారు.
రాకూడదని
చెయ్యి అట్లనే ఎత్తిపట్టుకొని
చానాసేపు ఉన్నా.