తువ్వాలు పరుచుకునే కూర్చోవాలి

గేటు దాటగానే చెక్కగది.
గోడ పొడవునా నూటనలభై కొక్కేలు,
ఒక్కోదాని కింద ఇత్తడి బిళ్ళ మీద ఒక అంకె.
నాది అరవై ఏడు. హార్ట్‌విగ్‌ది అరవై ఎనిమిది.
పక్కపక్కన కావాలని ఎవరూ అడగలేదు, అలా పడ్డాయి.
అప్పటికి మాకింకా పరిచయమే లేదు.

వేసవంతా అతని వీపు మీది పుట్టుమచ్చలు చూస్తూ
వాలీబాల్ ఆడాను, ఏమీ అనిపించలేదు.
సెప్టెంబరులో ట్రామ్ స్టాపు దగ్గర
బూడిదరంగు కోటులో, మెడదాకా బొత్తాలు పెట్టుకుని
నిలబడ్డాడు చూడండి,
అప్పుడు ముంచుకొచ్చింది సిగ్గు.
చెవులు కాలిపోయాయి.

మెక్లెన్‌బర్గ్‌లో మా చెరువు నీళ్ళు
మే నెలలో ఒక్కో ఎముకనీ పేరు పెట్టి పిలిచేవి.
దిగాక ఫ్యాక్టరీ డైరెక్టరూ ఒకటే,
ఆ ఫ్యాక్టరీ ఊడ్చే ఎర్డ్‌మూటే ఒకటే:
ఇద్దరికీ పళ్ళు టకటకలాడేవి.
సూపు వరుసలో ఎవరి జేబు బరువెంతో తెలిసేది కాదు,
జేబులే లేవు గనక.
దేశం పేరు మారింది, డబ్బు మారింది,
రాత్రికి రాత్రే వీధుల పేర్లు మారాయి.
తలుపు మీద ఎర్ర పెయింటు రాత మాత్రం మారలేదు:
తువ్వాలు పరుచుకునే కూర్చోవాలి.

ఆపరేషన్ అయ్యాక జీగ్‌లిండే
ఒక్క రొమ్ముతో తిరిగొచ్చే రోజు
ఎలా చూడాలో, ఎలా చూడకూడదో
ముందే అందరం మాట్లాడుకున్నాం.
తను నెట్ దగ్గరికి రాగానే అన్నీ మరిచిపోయాం.
ఫోల్క్‌మార్ బంతి విసిరి
"సర్వీసు నీదే, ఆలస్యంగా వచ్చావు" అన్నాడు.

మనవరాలు యోర్డిస్, ఇరవై నాలుగేళ్ళు, ఒక్కసారే వచ్చింది.
చొక్కా విప్పలేదు. మోకాళ్ళు కావలించుకుని
అవతలి గట్టు వైపే చూస్తూ కూర్చుంది.
"అమ్మమ్మా, ఎవరి ఫోను ఎటు తిరిగి ఉందో
నీకెలా తెలుస్తుంది?"
జవాబు లేదు నా దగ్గర.
మా రోజుల్లో కన్ను ఎంత దొంగిలించినా
మరుపొచ్చేదాకానే దాచుకోగలిగేది.

కుర్రవాళ్ళు అసలు విప్పరని కాదు.
అవతలి ఒడ్డున హోటలు ఆవిరిగదిలో
గంటకింతని కట్టి, తెల్లటి అంగీలు తగిలించి,
ఎవరితోనూ మాట్లాడకుండా చెమటోడుస్తారట.
వాళ్ళకి చందా పుస్తకం వద్దు,
శనివారం గడ్డి కోసే వంతు వద్దు,
పెంపుడు కుక్కల్ని లోపలికి రానివ్వాలా వద్దా అని
మూడు గంటల సర్వసభ్య సమావేశం వద్దు.
నిజం చెప్పాలంటే నాకూ వద్దనిపించేది.
కోశాధికారిని గనక తప్పించుకోలేకపోయాను.
ఇప్పుడా తగువే గుర్తొస్తోంది,
కుక్కల పేర్లతో సహా.

హార్ట్‌విగ్ అంత్యక్రియలకి అందరూ నల్లకోట్లలో వచ్చారు.
ఎవరో ముసలాయన నా చేయి పట్టుకుని వెక్కుతుంటే
పరాయివాడనుకుని ఓదార్చాను.
కాలరు పక్కకి జరిగి మెడ మీది మచ్చ కనపడింది.
ఫోల్క్‌మార్!
నలభై ఏళ్ళ స్నేహం,
బట్టల్లో గుర్తుపట్టలేకపోయాను.

ఈ వేసవిలో తొమ్మిది కొక్కేలకే బట్టలు.
మిగిలినవాటికి సాలెపురుగులు చందా కట్టకుండా చేరాయి.
పడవల చప్టా కూలింది, బాగు చేసే నడుములూ లేవు.
స్థలాన్ని కారవాన్ల కంపెనీకి ఇవ్వడానికి
తొమ్మిది చేతులు లేచాయి.
ఒకటి కాస్త ఆలస్యంగా. నాదే.

అక్టోబరు. నోటరీ ఆఫీసు. తోలు కుర్చీలు.
కోటు, ఉన్ని ప్యాంటు, మఫ్లరు, చేతి తొడుగులతో సహా
వెళ్ళిన నేను
సంచిలోంచి తువ్వాలు తీసి కుర్చీలో పరిచాను.
చేతులే చేశాయి ఆ పని, నన్నడగలేదు.
నోటరీ కలం ఆపి చూశాడు.
నా పక్కన జీగ్‌లిండే
అప్పటికే తనది పరుస్తోంది,
మూలలు సరిచేస్తూ.