మేస్త్రి పురుగు

నెలకో ఆదివారం, ఎండ ముదరకముందే
ఆత్మకూరు నుంచి మోపెడ్ మీద
బొగ్గేటి దగ్గరికి వస్తాను.
బకెట్టు, తెల్ల పళ్ళెం, నాలుగు గాజుసీసాలు,
నా పాత చున్నీతో కుట్టుకున్న వల.
కాలేజీ ఇచ్చింది నోటుబుక్కు ఒక్కటే.

మోకాలి లోతులో నిలబడి సీసా ముంచుతాను,
బుడగ చేరకుండా నీళ్ళలోనే బిరడా బిగించి.
మందు చుక్కలు. గంజి చుక్క. నీలం.
ఆ నీలం ఎన్ని చుక్కలకు విరిగిపోతే
ఏటికి అంత ఊపిరి ఉన్నట్టు.
కార్తీకంలో ఏడు పాయింట్ రెండు.

తుపాకుల రవణమ్మ అవతల ఊత పెడుతూ
నా సీసాలను చూసి నవ్వుతుంది.
"నీళ్ళను అడిగేదానికి ఇన్ని తిప్పలా మేడం?
రాయి తిరగెయ్యి, అదే చెబుద్ది."

తనే తిరగేసింది.
రాతి అడుగున గోరంత గొట్టం,
ఒక్కో ఇసుక రేణువూ ఏరి, తన జిగురుతో తనే అతుక్కుని
కట్టుకున్న గూడు.
ఆరు కాళ్ళు, ఓ నల్ల తల
బయటికొచ్చి, మమ్మల్ని చూసి, లోపలికి దూరాయి.
దానికి నోరు తిరగని లాటిన్ పేరుంది,
ఏటేటా పిల్లల చేత బట్టీ పట్టిస్తాను.
"మేస్త్రి పురుగు," అంది రవణమ్మ,
"మేస్త్రి కాపురమున్న మడుగులో
దోసిలి పట్టి తాగొచ్చనేవోడు మా నాయన."

స్థానిక నామం అనే గడి
మూడేళ్ళ ఖాళీ తర్వాత నిండింది.
చెప్పినవాళ్ళ పేరుకు గడి లేదు.
అంచున, అడ్డంగా రాశాను.

మాఘంలో వంతెన దిగువన ట్రాక్టర్లు దిగాయి.
ఏరు పాయలు పాయలుగా తెగి
గుంటల్లో నిలిచిపోయింది.
నాలుగో చుక్కకే నీలం పోయింది.
నమ్మక, ఇంకో సీసా ముంచాను.
పళ్ళెం నిండా ఎర్రపురుగులు,
ఊపిరి తక్కువైనా బతికేవి.
రవణమ్మ ఊత భుజాన వేసుకుని
ఏమీ మాట్లాడకుండా ఎగువకు నడిచింది.

అర్జీ రాశాను. నోటుబుక్కు జిరాక్సు జతచేశాను.
ఆఫీసులో గుమస్తా పేజీలు తిప్పి,
నిజంగానే అర్థంకాక అడిగాడు:
"పురుగులు తగ్గితే మంచిదే కదా మేడం?"
ముద్ర వేసిన రసీదు ఇచ్చాడు.

ఇంటికొచ్చేసరికి గేటు ముందు కుప్ప.
మేడ మీద గది కోసం మేమే పోయించుకున్నది,
ఇంకా తడి ఆరలేదు.
మా మేస్త్రి చెంగయ్య జల్లెడ పడుతున్నాడు.
సన్నటిది కిందికి రాలుతోంది,
పైన మిగిలినవి గవ్వపెంకులు, వేర్లు, గులకరాళ్ళు,
ఇంకా, నేను చూడకూడదనుకున్నవి.

చెప్పులు విప్పి అక్కడే కూర్చున్నాను.
చెంగయ్య పని ఆపి
ఉంగరమేమన్నా పడిపోయిందేమో అనుకున్నాడు.
ఏరాను. పదకొండు.
లోపల ఎవరూ లేరు.
నోటుబుక్కు తీసి
తేదీ రాశాను, సమయం రాశాను,
నమూనా తీసిన స్థలం అన్నచోట
మా ఇంటి నంబరు రాశాను.

"స్లాబుకు ఇంకా రెండు ట్రాక్టర్లు పట్టుద్దమ్మా,
రేపు చెప్పమంటారా?"
చెంగయ్య పారకు ఆనుకుని నిలబడ్డాడు.
నా అరచేతిలో పదకొండు గూళ్ళు.
గాలేస్తే ఎగిరిపోతాయని
పిడికిలి మూశాను, మెల్లగా.