చేతుల మీద కూర్చోవడం

బల్లారట్‌లో జూలై. గడ్డి మీద మంచు పెళుసు.
తొమ్మిదైనా హీటర్ ఇంకా గొణుగుతూనే ఉంటుంది.
నా ఉద్యోగం పేరు సహాయకురాలు.
చేరిన రోజే బ్రోనా చెప్పింది:
"సాయం చేయకుండా ఉండటమే ఇక్కడ కష్టమైన పని."

మోకాలెత్తు అరల్లో అన్నీ వాళ్లకందేలా.
నిజం గాజు గ్లాసులు. నిజంగా కోసే కత్తి.
రెండు పింగాణీ జగ్గులు, ఒకదాన్నిండా మైసూర్ పప్పు,
ఉడకడానికి కాదు, ఒంపడానికి.
మా నాయనమ్మ చూస్తే
గింజకో తిట్టు తిట్టేది.

నీళ్లొలికితే ఎవరూ అయ్యో అనరు.
స్పాంజి ఎక్కడుందో ఒలకబోసిన చేతికే తెలుసు.
టియెర్నన్ చాప చుడతాడు. వంకర. విప్పుతాడు. మళ్లీ వంకర.
నేను లెక్కపెట్టడం మానేశాక కుదిరింది.

గరుకు కాగితపు అక్షరం మీద
రెండు వేళ్లు పోనిచ్చి కళ్లు మూసుకుంది ఓడెట్.
నాకేమో బియ్యం పళ్లెం గుర్తొచ్చింది,
నా వేలు పట్టుకున్న పంతులుగారి బొటనవేలు, నశ్యం వాసన.
రాసింది ఆయనే.
నా వేలు ఊరికే వెంట వెళ్లొచ్చింది.

పదకొండింటికి తుయెత్, మూడేళ్లది,
కోటు నేల మీద వెల్లకిలా పరిచింది.
మెడ వైపు నిలబడి, చేతులు దూర్చి,
తల మీదుగా గిరాటేస్తే తొడుక్కున్నట్టే.
మొదటిసారి టోపీ మోకాళ్ల దగ్గర తేలింది.
రెండోసారి ఒక చెయ్యి ఎటో తప్పిపోయింది.
నా చేతులు లేచాయి, వాటంతటవే,
పొంగే పాల మీదికి లేచినట్టు.
తొడల కింద పెట్టి వాటి మీద కూర్చున్నాను.

బొత్తాలు నాలుగు. చివరిదాని కాజా మరీ ఇరుకు.
నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి...
గదంతా ఆ కాజాలోకి కుంచించుకుపోయింది.
దూరింది.

శభాష్ అనబోయాను.
అది నా వైపు చూడనేలేదు.
తలుపు తోసుకుని మాగ్‌పై కూస్తున్న చోటికి పోయింది.
ఆ మాట నా బుగ్గన లవంగంలా
మధ్యాహ్నం దాకా నానింది.

సాయంత్రం బస్టాపులో చూసుకుంటే
నా కోటుకు ఒక బొత్తాం తప్పింది,
కాలరు ఒక చెవి దగ్గరికి ఎక్కి కూర్చుంది.
పక్కనున్నాయన చూశాడు, ఏమీ అనలేదు.
మంచిదే.
అన్నీ విప్పేసి
కింద నుంచి మొదలుపెట్టాను.
బస్సు వచ్చింది.
ఇంకా రెండున్నాయి.